పట్టుచీర మీద పాపీ పువ్వు

2023లో దీపావళి, యుద్ధాల్లో పోయిన సైనికులని బ్రిటన్‌లో తలుచుకునే రిమెంబ్రెన్స్ సండే ఒకే రోజు పడ్డాయి. నవంబరు 12. పొద్దున పదకొండింటికి ఊరి మధ్యనున్న స్మారక స్తంభం దగ్గర రెండు నిమిషాల మౌనం. సాయంత్రం మా తెలుగు సంఘం హాల్లో లక్ష్మీపూజ, పిల్లల డాన్సులు, భోజనాలు. దానికి వారం ముందు మా వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఒక ప్రతిపాదన పెట్టారు. ఆ సాయంత్రం అందరం, ఆ సైనికుల జ్ఞాపకంగా ఇక్కడివాళ్ళు పెట్టుకునే ఎర్రని కాగితం పాపీ పువ్వు పెట్టుకుని వద్దాం, గ్రూపు ఫోటో తీసి ఊరి పేపరుకి పంపిద్దాం, మనవాళ్ళు ఈ దేశాన్ని ఎంత గౌరవిస్తారో నలుగురికీ తెలుస్తుంది అని.

పది నిమిషాల్లో ముప్పై మంది సరే అన్నారు. తర్వాత ఒక కుర్రాడు రాశాడు: "జలియన్‌వాలాబాగ్‌లో మనవాళ్ళని కాల్చిన సైన్యం కోసం మనం పువ్వు పెట్టుకోవాలా?" అక్కడి నుంచి గొడవ మొదలైంది. ఆ గొడవ మధ్యలో ఒకావిడ అడిగిన ప్రశ్నని ఎవరూ పట్టించుకోలేదు. "పట్టుచీరకి గుండుసూది గుచ్చితే చిల్లు పడుతుంది కదా, ఎలా పెట్టుకోవాలి?" అన్నారావిడ.

నేను కూడా ఒక మాట రాశాను. ఎవరికి ఇష్టమైతే వాళ్ళు పెట్టుకోవచ్చు గానీ ఫోటో కోసం మాత్రం వద్దని. "ఏం అక్కా, నువ్వు కూడానా?" అని రెండు ఫోన్లు వచ్చాయి. గ్రూపులో నాలుగు వాక్యాల్లో చెప్పలేకపోయాను. చెప్పాల్సింది చాలా ఉంది, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

రూపాయి, కాగితం జెండా

నేను గుంటూరు జిల్లాలో చదువుకున్నాను. ప్రతి డిసెంబరు 7కీ బళ్ళో జెండాల చందా వసూలు చేసేవాళ్ళు. 1949 నుంచీ దేశమంతటా జరుగుతున్నదే. ఎరుపు, ముదురు నీలం, లేత నీలం రంగుల చిన్న కాగితం జెండా, దానికో గుండుసూది. తలా ఒక రూపాయి తెమ్మన్నారు. తేనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాశారు. నా పేరు రెండు రోజులు బోర్డు మీద ఉంది.

మూడో రోజు అమ్మని బతిమాలితే పోపుల డబ్బాలోంచి తీసి ఇచ్చింది. రూపాయి ఇచ్చాను, జెండా తగిలించారు, బోర్డు మీద పేరు చెరిపేశారు. ఆ మూడు రంగులు సైన్యం, నౌకాదళం, వైమానిక దళం అని గానీ, ఆ రూపాయి యుద్ధంలో పోయినవాళ్ళ భార్యాబిడ్డలకీ, కాళ్ళూ చేతులూ పోగొట్టుకున్నవాళ్ళకీ వెళ్తుందని గానీ ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసిందల్లా పేరు చెరిగిపోయిందన్న సంతోషం. ఆ రూపాయి నేను జవాను కోసం ఇవ్వలేదు. బోర్డు కోసం ఇచ్చాను.

ఇంగ్లండు వచ్చిన చాలా ఏళ్ళకి ఆఫీసులో మళ్ళీ అదే జరిగింది. అప్పుడు నేను ముప్పై దాటిన మనిషిని. కోటుకి పెట్టుకున్న పాపీ రైల్లో ఎక్కడో రాలిపోయింది. పాపీ పెట్టుకున్న ప్రతివాళ్ళకీ ఇది తెలిసిన కష్టమే, ఆ సూది ఆగదు. నా సీటు దగ్గరికి ఒక సహోద్యోగి వచ్చి నవ్వుతూనే అడిగాడు, నీ పాపీ ఏదని. నా పక్క సీటులో ఉన్నతనికీ పువ్వు లేదు. అతన్ని అడగలేదు. అతను ఇక్కడే పుట్టినవాడు. అడిగినాయన మనసులో ఏ చెడూ లేకపోవచ్చు, ఆయన మంచివాడే. కానీ మధ్యాహ్నం భోజనం మానేసి సూపర్‌మార్కెట్‌కి పరుగెత్తి, డబ్బాలో పౌండు వేసి, ఇంకో పువ్వు తగిలించుకుని వచ్చాను. ఆ పౌండు కూడా బోర్డు కోసమే.

స్టేషన్ దగ్గర పెద్దాయన

నాకు పాపీ అంటే ఏమిటో నేర్పింది ఆఫీసు కాదు, స్టేషన్ దగ్గర నిలబడ్డ ఒక ముసలాయన. వచ్చిన మొదటి ఏడాది సంగతి. నవంబరు చలి, పొద్దున్నే చీకటి. మెడలో పువ్వుల ట్రే, చేతిలో డబ్బా, కోటు మీద పతకాలు. పొద్దున ఎక్కిన బస్సు డ్రైవరు కోటు మీద అదే పువ్వు చూశాను కాబట్టి ఏమిటో తెలుసుకుందామని ఆగాను. ఎంత అని అడిగాను. ధర లేదన్నారు, మీకు తోచింది వేయండి అన్నారు. పర్సు తెరిస్తే ఒక్క నాణెం లేదు. కార్డు ఉంది గానీ అప్పట్లో ఆ డబ్బాలకి కార్డు మెషీన్లు లేవు. సిగ్గుతో వెనక్కి తిరగబోతుంటే ఆయన ఒక పువ్వు తీసి చేతిలో పెట్టారు. తర్వాత ఎప్పుడైనా వేద్దువులే అన్నారు.

మర్నాడు చిల్లరతో వెళ్తే ఆయన లేరు. ఆ చోట ఇంకొకావిడ నిలబడి ఉన్నారు. ఆవిడ డబ్బాలో వేశాను. వేశాక కూడా అప్పు తీరినట్టు అనిపించలేదు. ఇప్పటికీ ప్రతి ఏడాదీ మొదటి డబ్బా కనపడగానే వేస్తాను, ఆయన మాట గుర్తొస్తుంది.

అప్పటి నుంచి నాకు అనిపించేది ఇది. పాపీ విషయంలో మర్యాద అనేది ఉంటే అది ఆ డబ్బా పట్టుకుని చలిలో నిలబడ్డ మనిషి పట్ల ఉండాలి, ఆ పువ్వు ఎవరికోసమో వాళ్ళ పట్ల ఉండాలి. మన కోటు చూసేవాళ్ళ పట్ల కాదు. మనం మాట్లాడుకునే నియమాలు మాత్రం దాదాపు అన్నీ చూసేవాళ్ళ గురించే.

ఆకు ఎటు తిరగాలి

ఎన్ని నియమాలు విన్నానో. ఆకు గడియారంలో పదకొండు గంటల వైపు చూడాలట, మొదటి ప్రపంచయుద్ధం ఆగింది పదకొండింటికి కాబట్టి. మగవాళ్ళు ఎడమవైపు, ఆడవాళ్ళు కుడివైపు పెట్టుకోవాలట. అక్టోబరులో పెట్టుకుంటే తొందరట, నవంబరు 11 దాటాక తీయకపోతే తప్పట. పోయినేటి పువ్వు మళ్ళీ పెట్టుకుంటే పిసినారితనమట.

పువ్వులు పంచే మాజీ సైనికుల సంస్థ రాయల్ బ్రిటిష్ లీజియనే ఎలా పెట్టుకున్నా ఫరవాలేదంటుంది. స్కాట్లాండ్‌లో తయారయ్యే పాపీకి నాలుగు రేకులుంటాయి, అసలు ఆకే ఉండదు. మరి వాళ్ళు ఆకుని ఎటు తిప్పాలి? ఎలిజబెత్ రాణి చివరి ఏళ్ళలో ఐదు పువ్వులు గుత్తిగా పెట్టుకునేవారు. ఇలాంటి పట్టింపులు చెప్పేవాళ్ళని నేను తప్పుపట్టను, చాలామందికి అవి తాతల నుంచి వచ్చినవి. కానీ కొత్తగా వచ్చినవాళ్ళకి అవే భయం పుట్టిస్తాయి. తప్పుగా పెట్టుకుంటే ఏమనుకుంటారోనని అసలు డబ్బా దగ్గరికే వెళ్ళనివాళ్ళు మనలో ఉన్నారు.

ఈ పువ్వు ఎలా తయారయ్యేదో తెలిస్తే దృష్టి వేరేచోటికి వెళ్తుంది. 1921లో మొదటిసారి తొంభై లక్షల పువ్వులు తెప్పిస్తే అన్నీ అయిపోయాయి, లక్షా ఆరువేల పౌండ్లకు పైగా వచ్చాయి. మరుసటి ఏడాది, 1922లో, మేజర్ జార్జ్ హౌసన్ అనే ఆయన లండన్‌లో ఒక చిన్న కార్ఖానా పెట్టి, యుద్ధంలో అవయవాలు పోయిన సైనికులకి పువ్వులు చేసే పని ఇచ్చారు. చేతులు సరిగా పనిచేయనివాళ్ళు కూడా రేకు, ఆకు, కాడ కలపగలిగేలా ఆ పువ్వుని రూపొందించారు. చూసేవాళ్ళకి అందంగా ఉండాలని కాదు, చేసేవాళ్ళకి వీలుగా ఉండాలని. 1926లో స్కాట్లాండ్‌లోనూ ఒక కార్ఖానా మొదలైంది.

ఒకసారి వీడియో కాల్లో అమ్మ నా కోటు మీద పువ్వు చూసి "గసగసాల పువ్వులా ఉందే" అంది. దాని దగ్గరి చుట్టమేనమ్మా, పొలాల్లో కలుపుమొక్క అని చెప్పాను. గింజ ఏళ్ళ తరబడి మట్టిలో నిద్రపోతుంది, నేలని తిరగేస్తే మొలుస్తుంది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి గుండ్లు ఫ్రాన్స్, బెల్జియం పొలాలన్నీ దున్నేశాయి కాబట్టి అక్కడ అంత ఎర్రగా పూసింది. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. "మన చేలో అయితే పీకి గట్టు మీద పడేస్తాం" అంది.

మరి డబ్బా పట్ల మర్యాద అంటే ఏమిటి? నాకు తెలిసినంతలో చాలా మామూలు సంగతులే. ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తూ దాటిపోకూడదు. ఇవ్వాలనుకుంటే ఆగి, ఆ మనిషి మొహం చూసి, రెండు మాటలు మాట్లాడి వేయాలి. ఇరవై పెన్నీలు వేసినా ఇరవై పౌండ్లు వేసినా పువ్వు ఒకటే. చిల్లర తిరిగి ఇమ్మని అడగకూడదు. డబ్బు లేకపోతే లేదని చెప్పాలి. పోయినేటి పువ్వు మళ్ళీ పెట్టుకోవచ్చు, కాగితం ఆదా అవుతుంది, కానీ డబ్బాలో వేయడం మానకూడదు. ఆన్‌లైన్లో తళతళలాడే ఎనామిల్ బ్రోచ్ కొనేముందు ఆ డబ్బు నిజంగా సైనికులకి చేరుతుందో లేదో చూసుకోవాలి, ఎందుకంటే పువ్వు బొమ్మ వేసి సొంతానికి అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. ఇవ్వడం ఇష్టం లేకపోతే వద్దండీ అని మెల్లగా చెప్పి వెళ్ళాలి, ఆ ఇష్టాన్ని అవతలివాళ్ళూ మన్నించాలి.

మన సైనికులు కారా

గ్రూపులో కుర్రాడు అడిగిన ప్రశ్నని చాలామంది కొట్టిపారేశారు. నేను కొట్టిపారేయలేను. 1918 నవంబరు 11న యుద్ధం ఆగింది. 1919 ఏప్రిల్ 13న అమృత్‌సర్‌లో కాల్పులు. మధ్యలో ఐదు నెలలు. అవిభక్త భారతదేశం నుంచి ఆ యుద్ధానికి వెళ్ళినవాళ్ళు పదమూడు లక్షలకు పైగా, తిరిగిరానివాళ్ళు సుమారు 74 వేలు. తిరిగొచ్చినవాళ్ళకి దొరికింది, విచారణ లేకుండా జైల్లో పెట్టే రౌలట్ చట్టం. ఈ కోపం ఉన్నవాడు పువ్వు పెట్టుకోనంటే నేను ఏమని ఒప్పించగలను?

అయితే ఇంకో వైపు నుంచి చూస్తే, ఆ 74 వేల మందినీ ఎవరు గుర్తుపెట్టుకున్నారు? మనం కూడా సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. 1916 జూలై 14న ఫ్రాన్స్‌లో సోమ్ దగ్గర, నిలువెత్తు పెరిగిన పైరులోంచి ఈటెలు పట్టుకుని గుర్రాల మీద దూకిన దళం పేరు దక్కన్ హార్స్. అది ఉన్న బ్రిగేడ్ పేరు సికింద్రాబాద్ అశ్వదళ బ్రిగేడ్. మెషీన్ గన్నుల ఎదుట ఈటెలు! నేను సికింద్రాబాద్‌లో నాలుగేళ్ళు ఉద్యోగం చేశాను, కంటోన్మెంట్ మీదుగా రోజూ బస్సులో వెళ్ళాను. ఈ సంగతి తెలిసింది ఇంగ్లండు వచ్చాకే. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర నిలబడ్డ మూడు విగ్రహాల్లో ఒకటి హైదరాబాద్ సంస్థానపు అశ్వదళం లాన్సర్లదని ఎంతమందికి తెలుసు? సైన్యంలో ఇంజనీరింగ్ పని చేసే మద్రాస్ సాపర్లు మెసపొటేమియా (ఇప్పటి ఇరాక్) ఎండల్లో వంతెనలు కట్టారు. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని మిలిటరీ మాధవరం అని ఊరికే అనరు, అక్కడ తరతరాలుగా ఇంటికొకరు సైన్యంలో ఉంటారు.

బ్రైటన్ పైన కొండ మీద ఛత్రి అనే తెల్లని పాలరాతి కట్టడం ఉంది. యుద్ధంలో గాయపడ్డ మన సైనికులకి బ్రైటన్ రాజభవనాన్నే ఆసుపత్రి చేశారు. బ్రైటన్ ఆసుపత్రుల్లో చనిపోయిన హిందూ, సిక్కు సైనికులు యాభై ముగ్గురిని ఆ కొండ మీదే దహనం చేశారు. ఒక వేసవిలో మేం వెళ్ళాం. కారు ఆపిన చోటు నుంచి పొలాల గట్ల మీద చాలాసేపు నడవాలి. చుట్టూ గొర్రెలు, గాలి తప్ప ఏమీ లేదు. మా అమ్మాయి "వీళ్ళ అమ్మావాళ్ళకి ఎలా తెలిసింది?" అని అడిగింది. ఉత్తరం వచ్చి ఉంటుందన్నాను. చదవడం రాని అమ్మకి దాన్ని ఎవరు చదివి వినిపించారో, కొండ పేరు ఎలా పలికారో తలుచుకుంటే అక్కడ నిలబడలేకపోయాను.

2018లో లీజియన్ వాళ్ళు భారత సైనికుల జ్ఞాపకంగా ఖాదీతో చేసిన పాపీ కూడా తెచ్చారు. సామ్రాజ్యాన్ని ఎదిరించిన బట్టతో ఆ సామ్రాజ్యం కోసం చనిపోయినవాళ్ళకి పువ్వు. నేను అది పెట్టుకున్నాను. పెట్టుకున్నప్పుడు గర్వమూ ఉంది, ఏదో ముల్లు గుచ్చుకుంటున్నట్టూ ఉంది. రెండూ ఇప్పటికీ అలాగే ఉన్నాయి.

ఇంకో చిక్కు కూడా ఉంది. డబ్బాలో వేసిన డబ్బు 1916లో పోయినవాళ్ళకి చేరదు. ఇవాళ ఉన్న మాజీ సైనికులకి, వాళ్ళ కుటుంబాలకి వెళ్తుంది, ఇరాక్, అఫ్గానిస్తాన్‌లలో పోరాడినవాళ్ళతో సహా. ఇరాక్ యుద్ధం తప్పని నేను నమ్ముతాను. అయినా ఇస్తాను. యుద్ధం మొదలుపెట్టింది వాళ్ళు కాదు కాబట్టి, రాత్రుళ్ళు నిద్రపట్టని ఇరవై ఐదేళ్ళ కుర్రాడికి సాయం అడిగే హక్కు ఉంది కాబట్టి. ఇది అందరూ ఒప్పుకోవాలని లేదు. 1933 నుంచీ యుద్ధాలే వద్దని తెల్ల పాపీ పెట్టుకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ చనిపోయినవాళ్ళనే తలుచుకుంటున్నారు.

అడగడం ఎక్కడ తప్పవుతుంది

ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ మెక్‌క్లీన్ ఏళ్ళ తరబడి చొక్కా మీద పాపీ వద్దన్నాడు. ఉత్తర ఐర్లండులోని డెర్రీలో క్రెగ్గాన్ అనే పేట అతనిది. 1972 జనవరి 30న అదే ఊళ్ళో బ్రిటిష్ సైనికులు ఊరేగింపు మీద కాల్పులు జరిపారు, చనిపోయినవాళ్ళలో అతని పేటవాళ్ళు ఉన్నారు. రెండు ప్రపంచయుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం మాత్రమే అయితే పెట్టుకునేవాడినని 2014లో ఉత్తరం రాసి మరీ చెప్పాడు. అయినా స్టేడియాల్లో తిట్లు ఆగలేదు. ఆ తిట్టినవాళ్ళలో ఎంతమంది ఆ వారం డబ్బాలో నాణెం వేసి ఉంటారో నేను చెప్పలేను. కానీ తిట్టడం వల్ల ఏ సైనికుడి ఇంట్లోనూ పొయ్యి వెలగలేదని మాత్రం తెలుసు.

మా ఆయన దీనికి ఒప్పుకోరు. "అందరూ నీలాగా గుట్టుగా ఇచ్చేస్తే ఆ రోజు వచ్చిందని ఎవరికి గుర్తుంటుంది? నువ్వు ఆగింది కూడా బస్సు డ్రైవరు కోటు చూసే కదా" అన్నారు. నిజమే. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పువ్వు కనపడాలి, కనపడబట్టే నేను ఆగాను. గుప్తదానం గొప్పదంటూనే హుండీని గుడి మధ్యలో అందరికీ కనపడేలా పెడతాం మనం.

కానీ ఆ డ్రైవరు నన్నేమీ అడగలేదు. తన పువ్వు తను పెట్టుకుని బస్సు నడుపుకున్నాడు. నేను తేడా అంతా అక్కడే చూస్తున్నాను. పెళ్ళిలో చదివింపులు మైకులో చదివేటప్పుడు ఎంత ఇద్దామనుకుని వచ్చామో మర్చిపోయి పక్కవాళ్ళు ఎంత రాయించారో వింటాం. చవితి పందిరికి చందా అడిగే పిల్లలు "పక్కింటివాళ్ళు ఐదొందలు ఇచ్చారండీ" అంటే చెయ్యి దానంతటదే పర్సులోకి వెళ్తుంది. డబ్బు వస్తుంది, పందిరీ లేస్తుంది. మొహమాటానికి ఇచ్చినవాడు మాత్రం వీధి చివర పిల్లలు కనపడితే ఇంకో సందులోంచి వెళ్తాడు. మా ఆఫీసు సంగతి తర్వాత నేనూ ఒక నవంబరంతా ఆ సహోద్యోగి దారి తప్పించుకుని తిరిగాను, స్టేషన్ దగ్గర డబ్బాలో అప్పటికే వేసి ఉండి కూడా.

మనలాంటివాళ్ళకి ఇందులో ఇంకో బరువు ఉంది. పువ్వు లేకపోతే ఇక్కడివాడిని మతిమరపు మనిషి అనుకుంటారు. నన్ను కృతజ్ఞత లేనిదాన్ని అనుకుంటారేమో అన్న టెన్షన్ నాకుంటుంది. గ్రూపు ఫోటో ప్రతిపాదన వచ్చింది ఈ టెన్షన్లోంచే, చెడ్డ ఉద్దేశంతో కాదు. కానీ మనం అలా ఫోటో పెడితే, వచ్చే ఏడాది పువ్వు లేని తెలుగు పిల్ల కనపడితే మనవాళ్ళే అడుగుతారు, నీదేదమ్మా అని. బోర్డు మీద పేర్లు రాసే పని మనమే మొదలుపెట్టినట్టవుతుంది.

ఆ సాయంత్రం

చివరికి ఇలా తేలింది. లీజియన్ స్థానిక శాఖ నుంచి డబ్బా, పువ్వులు తెచ్చి హాలు గుమ్మం దగ్గర, పన్నీరు, గంధం పెట్టిన బల్ల మీద పెట్టాం. ఆ ఏడాది పువ్వు పూర్తిగా కాగితంది, ప్లాస్టిక్ తీసేశారు. మైకులో ఎవరూ ఏమీ చెప్పలేదు. ఫోటో ఎలాగూ తీస్తారు, పువ్వు ఉన్నవాళ్ళు ఉంటారు, లేనివాళ్ళు ఉంటారు. ప్రతిపాదించినాయన కొంచెం నొచ్చుకున్నారు గానీ డబ్బాలో మొదట వేసింది ఆయనే. జలియన్‌వాలాబాగ్ గురించి రాసిన కుర్రాడు డబ్బా దగ్గరికి రాలేదు. భోజనాల దగ్గర నాతో బాగానే మాట్లాడాడు, నేనూ ఆ ఊసెత్తలేదు.

బల్ల దగ్గర గంధం పూయడం నా వంతు. అనంతపురం నుంచి కూతురికి పురుడు పోయడానికి వచ్చిన పెద్దావిడ ఒకరు ఆగి, "ఈ డబ్బులు ఎవరికమ్మా?" అని అడిగారు. రిటైరైన సైనికులకి, వాళ్ళ ఇళ్ళల్లోవాళ్ళకి అని చెప్పాను. "మా ఆయన సిగ్నల్స్‌లో ఇరవై రెండేళ్ళు చేశాడు" అన్నారు. అల్లుడిని కేకేసి పది పౌండ్ల నోటు తీసుకున్నారు. అంత అక్కర్లేదండీ, ఎంతైనా వేయొచ్చు అన్నాను. "తెలుసులే" అని మడిచి డబ్బాలో వేశారు.

పువ్వు ఇచ్చి పిన్ను వెతకబోయాను. ఆవిడది ఆకుపచ్చ ధర్మవరం చీర. పిన్ను వద్దని చేత్తోనే చెప్పి, పువ్వుని కొంగు చివర పెట్టి ముడి వేసుకున్నారు. గ్రూపు ఫోటోకి అందరినీ పిలిచేసరికి ఆవిడ లేరు. పసిబిడ్డ ఏడుస్తోందని ఇంటికి వెళ్ళిపోయారట.